బండి ఆయనది... ఛార్జింగ్ ఆమెది!

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఓ పొద్దున్నే మా చెల్లెలు అమెరికా నుంచి ఫోను చేసింది. ఇక్కడ బెజవాడలో పద్దెనిమిది డిగ్రీలు. మావారు తలకి మఫ్లరు చుట్టుకుని రెండో కాఫీ కోసం చూస్తూ "ఈ ఏడు చలి చంపేస్తోంది సుమా!" అంటున్నారు. చెల్లెలు ఉండే మిన్నెసోటా రాష్ట్రంలో అప్పటికే మైనస్ ఇరవై ఏడట. "ఏం చేస్తున్నావే?" అన్నాను. "బండికి చలేస్తోందక్కా, గరాజ్‌లోకి వెళ్ళి వైరు తగిలించి వచ్చాను" అంది.

నవ్వొచ్చింది నాకు. గేదెలకి గోనెపట్టా కప్పినట్టు బండికి చలేమిటి? కానీ అది హాస్యానికి అన్న మాట కాదని ఆ అరగంట ఫోనులో తెలిసింది. ఆ ఫోను పెట్టేశాక నాకు మా వీధికి వచ్చే కూరల ఆవిడ గుర్తొచ్చింది. మైనస్ ఇరవై ఏడుకీ మన రోహిణి కార్తెకీ, లక్షల ఖరీదు ట్రక్కుకీ కూరలమ్మే ఆటోకీ పోలికేమిటంటారా? అదే చెబుదామని కూర్చున్నాను.

మా మరిది పుట్టింది గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో. మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. ధాన్యం బస్తాల మీద కూర్చుని మిల్లుకి వెళ్ళిన రోజులు మర్చిపోలేకపోయాడో ఏమో, కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేసుకునే మనిషి, మూడేళ్ళ కిందట ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు కొన్నాడు. ముందు కారు, వెనక తొట్టి అనుకోండి. అలాంటి వాటిలో 2022లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ అనే ట్రక్కుకి పెద్ద బ్యాటరీ పెట్టించుకుంటే, అది పట్టే కరెంటు 131 యూనిట్లు. మా ఇంట్లో మామూలు నెలల్లో వాడకం ఇంచుమించు అంత! ఒక నెల కరెంటు ఒక బండి కడుపులో పడుతుందన్నమాట. అలా నింపితే 515 కిలోమీటర్లు వెళ్తుందని అక్కడి ప్రభుత్వ లెక్క.

అయితే ఆ లెక్క మంచి వాతావరణంలోనిది. చలికాలంలో మన కొబ్బరినూనె సీసా ఎలా పేరుకుంటుందో చూస్తాం కదా. బ్యాటరీలో ద్రవం అలా పేరుకోదు గానీ, లోపల జరగాల్సిన కదలికలన్నీ మందగిస్తాయి. పైగా పెట్రోలు కారులో ఇంజన్ వేడే లోపల కూర్చున్నవాళ్ళకి వెచ్చదనం ఇస్తుంది. ఎలక్ట్రిక్ బండిలో ఆ వేడి కూడా బ్యాటరీలోంచే రావాలి. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2019లో అయిదు ఎలక్ట్రిక్ కార్లని పరీక్షించి చూసింది. మైనస్ ఏడు డిగ్రీల చలిలో హీటరు వేసి నడిపితే, వెళ్ళగలిగే దూరం సగటున 41 శాతం తగ్గిపోయింది. 35 డిగ్రీల ఎండలో ఏసీ వేసి నడిపితే 17 శాతం తగ్గింది. గడ్డకట్టే చలిలో బ్యాటరీని ఉన్నపళంగా ఛార్జి చేస్తే పాడైపోతుంది కూడా. అందుకని బండి ముందు తన బ్యాటరీని తాను వెచ్చబరచుకుని, ఆ తర్వాతే కరెంటు తీసుకుంటుంది. కాబట్టి బయటి నుంచి రాగానే, బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉండగానే వైరు తగిలించాలి. పొద్దున బయల్దేరే ముందు వైరు తీయకుండానే లోపల హీటరు వేసుకోవాలి. అప్పుడు ఆ వేడి గోడలోని కరెంటుతో వస్తుంది, బ్యాటరీ మిగులుతుంది.

ఇక్కడే అసలు కథ మొదలైంది. వాళ్ళ ఇళ్ళలో మామూలు ప్లగ్గుల్లో వచ్చేది 120 వోల్టులే. మనకి 230. ఆ మామూలు ప్లగ్గుకి అంత ట్రక్కుని తగిలిస్తే గంటసేపటికి నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళేందుకు సరిపడా కరెంటు ఎక్కుతుంది. చలి మరీ ముదిరితే ఆ వచ్చింది కూడా బ్యాటరీని వెచ్చగా ఉంచడానికే ఖర్చయిపోతుంది. 240 వోల్టుల ప్లగ్గు ఆ ఇళ్ళలో ఎక్కడుంటుందో తెలుసా? బట్టలు ఆరబెట్టే మెషిను దగ్గర, కరెంటు పొయ్యి దగ్గర! మొదటి చలికాలం గరాజ్‌లో పెద్ద ఛార్జరు పెట్టించుకునేదాకా మా మరిది, గోడకి అవతలే ఉన్న బట్టల మెషిను ప్లగ్గుకే ఏదో అడాప్టరు పెట్టి బండి నడిపించాడు. "బండి నిండితే పిల్లల బట్టలు ఆరవు, బట్టలు ఆరితే బండి కదలదు. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేచి మార్చేదాన్నక్కా" అంది. ఛార్జరు వచ్చాక ఆ అవస్థ తప్పింది గానీ, వైరు తగిలించే పని తప్పలేదు. ఆయన ఆఫీసు నుంచి వస్తూనే ఫోనులో మాట్లాడుకుంటూ లోపలికి వచ్చేస్తాడు. పాలు తోడు పెట్టానా, పొయ్యి కట్టేశానా, తలుపు గొళ్ళెం వేశానా అని రాత్రి పూట మనం లెక్కపెట్టుకుంటాం చూడండి, ఆ జాబితాలో దానికి ఇప్పుడు ఇంకోటి చేరింది. బండికి వైరు పెట్టానా?

మా వీధికి వచ్చే కూరల ఆవిడకీ ఇదే పని. ఆమె ఇల్లు సింగ్‌నగర్‌లో. పాత డీజిలు ఆటో అమ్మేసి 2023లో ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో కొన్నారు. ఆయన తెల్లవారుజామున మార్కెట్లో సరుకు ఎత్తుకుని, ఆమెనీ తక్కెడనీ ఎక్కించుకుని వీధులన్నీ తిప్పుతాడు. ఇలాంటి ఆటోల్లో చిన్న బ్యాటరీలు ఏడెనిమిది యూనిట్లవి. 2022లో వచ్చిన టాటా ఏస్ ఎలక్ట్రిక్ బండికైతే 21.3 యూనిట్లు.

మిన్నెసోటాలో బండి రాగానే వైరు పెట్టాలన్నాను కదా. ఇక్కడ ఎండాకాలంలో సరిగ్గా తలకిందులు. రోళ్ళు పగిలే ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే వైరు పెట్టకూడదు. బ్యాటరీకి చలి కంటే వేడి పెద్ద శత్రువు. చలిలో తగ్గిన దూరం వెచ్చబడగానే తిరిగొస్తుంది. వేడికి తరిగిపోయిన ఆయుష్షు మళ్ళీ రాదు. నీడన పెట్టి, ఓ అరగంటో గంటో చల్లారనిచ్చి అప్పుడు పెట్టాలి. ఆ చల్లారేదాకా కాచుకుని ఉండేదెవరు? "ఆయన అన్నం తిని పడుకుంటాడండీ, పాపం రెండింటికి లేచిన మనిషి. నేనే అంట్లు తోముకుని, బండి మీద చెయ్యేసి చూసి, చల్లబడిందనుకున్నాక పెడతా" అంది ఆవిడ. నుదుటి మీద చెయ్యేసి పిల్లల జ్వరం చూసినట్టు!

ఇంతకుముందు బండికి తిండి పెట్టేది బయట. బంకులో నిలబడి, జేబులోంచి డబ్బు తీసి, డీజిలు కొట్టించుకుని వచ్చేవాళ్ళు. మగవాళ్ళ పని, మగవాళ్ళ ఖర్చు. ఎలక్ట్రిక్ బండి వచ్చాక ఆ బంకు మన గుమ్మంలోకి వచ్చేసింది. గుమ్మంలోకి వచ్చిన ఏ పనైనా చివరికి ఎవరి నెత్తిన పడుతుందో నేను వేరే చెప్పాలా?

పని సంగతి అటుంచండి, ఖర్చు చూడండి. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన శ్లాబుల ప్రకారం లెక్క వేశాను. ఇంటికి నెలకి 150 యూనిట్లు కాలితే, మిగతా చార్జీలు కలపకుండా, సుమారు 570 రూపాయలు. రోజుకి 8 యూనిట్ల చొప్పున పాతిక రోజులు బండికి పెడితే ఇంకో 200 యూనిట్లు. మొత్తం 350. బిల్లు దాదాపు 2,110 రూపాయలవుతుంది! ఎందుకంటే 225 దాటిన ప్రతి యూనిట్‌కీ 8 రూపాయల 75 పైసలు. అయినా డీజిలుతో చూస్తే లాభమే. రోజుకి మూడొందలు డీజిలుకి పోసినచోట ఇప్పుడు అరవై రూపాయలతో సరిపోతోంది. మరి ఆ మిగిలిన రెండొందల నలభై ఏమవుతోంది? డీజిలు డబ్బు ఆయన జేబులోంచి పోయేది, కాబట్టి మిగిలింది ఆయన జేబులోనే మిగిలింది. కరెంటు బిల్లు ఇంటి ఖర్చు, కాబట్టి పెరిగింది ఆమె కట్టే బిల్లు. "కరెంటు ఇంత కాలుస్తున్నావేంటి?" అని ఒకసారి అడిగాడట కూడా! ఆయన చెడ్డవాడేం కాదు. డబ్బు ఎటునుంచి ఎటు మారిందో ఎవరూ కూర్చుని లెక్క చూసుకోలేదు, అంతే. నిజానికి ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కి కరెంటు వాళ్ళ దగ్గర వేరే కేటగిరీ ఉంది. వేరే మీటరు పెట్టించుకుంటే ఇంటి బిల్లు ఇంటిది, బండి బిల్లు బండిది.

ఇంకో మాట. భయపెట్టాలని కాదు గానీ చెప్పకుండా ఉండలేను. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే సూర్యారావుపేటలో, కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండగా తెల్లవారుజామున పేలింది. ఇంటి యజమాని చనిపోయాడు. భార్యకి తీవ్రంగా గాయాలయ్యాయి. ఆ ఏడాది దేశంలో ఇలాంటివి మరికొన్ని జరిగాక, 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి ఆఖరున ఇంకో విడత బ్యాటరీల భద్రతా నిబంధనలు కఠినం చేశారు. మంచిదే. కానీ ఇంట్లో ప్లగ్గు ఎక్కడుండాలో ఏ నిబంధనా వచ్చి చూడదు. నేను చూసిన ఇళ్ళలో, వంటింటి కిటికీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు, పక్కనే గ్యాసు బండ! ఎర్తింగ్ ఉన్న పదహారు ఆంపియర్ల ప్లగ్గు, దానికి వేరే ఎంసీబీ, వాన తడి తగలని చోటు, మనుషులు పడుకునే గదికి దూరం. ఇవి చాలు. బండికి లక్షలు పెట్టినవాళ్ళు ఎలక్ట్రీషియన్‌కి నాలుగు వేలు ఇవ్వడానికి ఆలోచిస్తారెందుకో! వైరు పట్టుకునే చెయ్యి తమది కాదు కనుకనా?

ఇంతవరకూ చెప్పింది చాకిరీ గురించి, ఖర్చు గురించి. అవి మనకి అలవాటే, ఇందులో కొత్తేముంది అనవచ్చు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని, 2024 సెప్టెంబరు ఒకటో తారీఖు దాకా.

ఆ ఆదివారం మన ఊళ్ళో ఎవరూ మర్చిపోలేరు. బుడమేరుకి గండ్లు పడ్డాయి. ఆ రెండు రోజుల్లోనే కృష్ణలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద. పొద్దున్నే సింగ్‌నగర్ వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. కూరల ఆవిడ భర్త ఊళ్ళో లేడు. తల్లికి బాగాలేదని శుక్రవారమే బస్సెక్కి కైకలూరు వైపు వెళ్ళాడు. వెళ్తూ "బండికి ఛార్జింగ్ పెట్టు" అని చెప్పాడు. ఆమె పెట్టింది. శనివారమంతా వాన, బండి కదల్లేదు. ఆదివారం పొద్దున ఆ బండి నిండా ఛార్జింగ్‌తో గుమ్మం ముందుంది. తాళం మేకుకి వేలాడుతోంది. వీధిలో వాళ్ళంతా తమ బండ్లు తీసుకుని ఫ్లైఓవర్ మీదకి పరుగులు తీస్తున్నారు. కిలోమీటరు కూడా లేదు. కానీ ఏడాదికి పైగా ఆ బండికి రోజూ తిండి పెట్టిన మనిషికి దాన్ని పది గజాలు నడపడం రాదు!

"తాళం పెట్టి తిప్పానండీ. దీపాలు వెలిగాయి. ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీలేదు" అంది. ఎవరి బండి గొడవ వాళ్ళది, ఎవర్నని పిలుస్తుంది? మోకాళ్ళ లోతు వచ్చాక పిల్లలిద్దర్నీ తీసుకుని ఎదురింటి మేడ మీదకి వెళ్ళిపోయింది. ఈ బ్యాటరీలకి ఐపీ 67 అని ఒక గుర్తు ఉంటుంది. ఒక మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని దానర్థం. అరగంట! అక్కడ నీళ్ళు రోజుల తరబడి ఉన్నాయి.

ఆ తర్వాతది ఇంకా ఉంది. వరదలో దెబ్బతిన్న ఆటోకి ప్రభుత్వం పదివేలు ఇచ్చింది. బీమా వాళ్ళు కొంత ఇచ్చారు. ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ళకే కదా. ఆయనకే వచ్చింది. మరి ఆ బండి కొన్నప్పుడు కట్టిన మొదటి సొమ్ము ఎక్కడిదనుకున్నారు? ఆమె డ్వాక్రా అప్పు! నెలనెలా సంఘం మీటింగులో కిస్తీ కట్టాల్సింది ఆమె. బండి ఉన్నా, నీళ్ళలో పోయినా కట్టాల్సిందే. అప్పు ఆమెది, వైరు ఆమెది, బిల్లు ఆమెది. బండి మాత్రం ఆయనది.

ఇదంతా చెబితే మావారు, "అయితే ఏమంటావ్? ఆడవాళ్ళందరూ ఆటోలు తోలాలా?" అన్నారు. అందరూ తోలాలని కాదు. అవసరమొచ్చిన రోజున తోలడం రావాలి అంటున్నాను. పైగా, బండి నడపడం మన వల్ల కాదని ఇన్నాళ్ళూ చెప్పిన కారణాలు ఈ బండికి లేనే లేవు. క్లచ్చు లేదు, గేర్లు లేవు, తాడు పట్టుకుని లాగి స్టార్ట్ చేసే పని లేదు. మిక్సీ కంటే తక్కువ చప్పుడు. వెళ్ళు అంటే వెళ్తుంది, ఆగు అంటే ఆగుతుంది. దాని ఒంటి వేడి, దాని ఆకలి, ఎంత ఛార్జింగ్‌కి ఎంత దూరం పోతుందో అన్నీ తెలిసినవాళ్ళకి దాన్ని నడపడం నేర్చుకోవడం ఎంత పని?

మా చెల్లెలు కూడా ఆ ట్రక్కుని రెండేళ్ళు ముట్టుకోలేదు. "అబ్బో, ఏనుగులా ఉంటుందక్కా, నా వల్ల కాదు" అనేది. పోయిన ఏడాది చలికాలంలో మా మరిది ఆఫీసు పని మీద వేరే ఊరెళ్ళాడు. ఆ రాత్రే చిన్నదానికి ఊపిరాడలేదు. తన చిన్న పెట్రోలు కారు ఆ చలికి స్టార్టే కాలేదట. గరాజ్‌లో ట్రక్కుందిగా! సాయంత్రం తానే వైరు పెట్టింది, నిండుగా ఉంది, వెచ్చగా ఉంది. పిల్లని వెనక కూర్చోబెట్టి, మంచులో ఆ ఏనుగుని ఆసుపత్రికి తోలుకెళ్ళింది. "చేతులు వణికాయి గానీ, దాని సంగతంతా నాకు తెలుసుగా అక్కా" అంది. దానికి అక్కడ కారు లైసెన్సు ముందే ఉంది, ఆ లైసెన్సే దీనికీ సరిపోయింది. కూరల ఆవిడకి ఆ వీలు లేదు. నాకు కనిపించిన తేడా అదొక్కటే. ధైర్యంలో తేడా లేదు.

చలి దేశాల్లో ఈ బండ్లు నడవవని కొందరంటారు. నార్వేలో 2024లో అమ్ముడుపోయిన కొత్త కార్లు వందలో 89 ఎలక్ట్రిక్‌వే. అంత చలి దేశంలో అన్ని బండ్లు నడుస్తున్నాయంటే, చలినీ ఎండనీ గెలవొచ్చన్నమాట. దానికి రోజూ శ్రద్ధగా చూసుకునే మనిషి ఉంటే చాలు. ఆ మనిషి చాలా ఇళ్ళలో ఎవరో మనకి తెలుసు.

అందుకని, ఇంటికి ఎలక్ట్రిక్ బండి తెస్తామన్నప్పుడు సంతకం పెట్టేముందు మనం నాలుగు సంగతులు అడుగుదాం. ప్లగ్గు ఎక్కడ పెట్టిస్తారు? కరెంటు బిల్లు బండి సంపాదనలోంచి కడతారా, ఇంటి ఖర్చులోంచా? అప్పు నా పేరు మీదైతే ఆర్‌సీ ఎవరి పేరు మీద? నాకు నడపడం ఎప్పుడు నేర్పిస్తారు? ఇవి పోట్లాటకి అడిగేవి కావు. కూరల ఆవిడ భర్త ఈ మధ్య నాతో అన్నాడు, "ఆ రోజు దానికి నేర్పి ఉంటే బండి దక్కేదమ్మగారూ" అని. ఆయనకీ నష్టమే కదా మరి.

వాళ్ళు మళ్ళీ ఓ ఎలక్ట్రిక్ ఆటో కొన్నారు, సెకండ్‌హ్యాండ్‌ది. ఆర్‌సీ పేరు మీద ఇంట్లో ఇంకా చర్చ నడుస్తూనే ఉందట. ఆమె మాత్రం ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. మొన్న వంకాయలు తూచి ఇస్తూ, "నిన్న గ్రౌండులో రివర్సు కూడా చేశానండీ" అని చెప్పింది.

ఇంతకీ మీ ఇంట్లో బండి తాళం ఎక్కడ పెడతారు? ఒకసారి చూసి, తీసి, తిప్పి చూడండి.